ఆ రైఫిల్‌ని మళ్లీ ఒక్కసారి పట్టుకోనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ దగ్గర బందోబస్తులో ఉన్న ఓ కుర్ర కానిస్టేబుల్ భుజాన, ఒకప్పుడు ఆర్మీలో మేం మోసిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ కనిపించింది. జనంలో నడుస్తున్నవాణ్ని అక్కడే ఆగిపోయాను. "బాబూ, బట్ నంబర్ ఎంత?" అని, అంటే తుపాకీ వెనక చెక్క మీద ఉండే నంబర్, అడిగితే ఆ అబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు. ముక్కూమొహం తెలియని ముసలాయన తుపాకీ సంగతి అడిగితే ఏ పోలీసైనా అంతే, తప్పు పట్టను. మాజీ ఫౌజీనని చెప్పాక నవ్వి, బట్ నావైపు తిప్పి చూపించాడు. నాది కాదు. కాదని తెలిసే అడిగాను.

నేను 1979లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరాను. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. పల్టన్‌కి (బెటాలియన్‌కి) వెళ్లాక నాకిచ్చిన రైఫిల్ బట్ నంబర్ 63. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. 20 తూటాల మ్యాగజైన్ నింపి తగిలిస్తే దాదాపు 5 కిలోలు. బట్ చివర పలకకి చిన్న తలుపు ఉంటుంది, దాని వెనక నూనె సీసా, గొట్టం శుభ్రం చేసే తాడు పుల్‌త్రూ దాచుకోవాలి. ఆ పలక అంతకుముందు వాడిన పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ నుంచి వచ్చిందే. 1962లో మనవాళ్లు చైనాతో పోరాడింది ఆ త్రీనాట్‌త్రీతోనే, ఒక్కో తూటాకీ బోల్టు లాగుతూ. మా చిన్నాన్న దాన్ని మోసినవాడు. సెలవులో ఇంటికొచ్చి ఆ తలుపు సంగతి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. "అది మాదేరా" అన్నాడు.

ఫైరింగ్ నుంచి వచ్చాక పుల్‌త్రూకి చిందీ (గుడ్డపేలిక) కట్టి బ్యారెల్లోంచి లాగేవాళ్లం. మొదటిది నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా లేచేది లేదు. చెక్కకి అవిసె నూనె రుద్దేవాళ్లం. నా చెంప ఆనే చోట ఆ చెక్క నున్నగా అరిగింది. కుడివైపు ఒక గంటు ఉండేది. రాత్రి పెట్రోలింగ్‌లో రాళ్ల మీద జారిపడితే నా మోకాలికీ దానికీ ఒకేసారి తగిలిన దెబ్బ. ఫీల్డ్‌లో ఉన్నప్పుడు రైఫిల్ పట్టీ (స్లింగ్) మణికట్టుకి చుట్టుకునే పడుకునేవాణ్ని. 11 ఏళ్లు అలా గడిచాయి. హవల్దార్ అయ్యాక చేతికి కార్బైన్ అనే పొట్టి తుపాకీ వచ్చింది. 63ని కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, అప్పగించిన రోజు దాన్ని చూసుకునే కోత్ ఎన్‌సీవో చాంబర్లో వేలుపెట్టి చూసి, రిజిస్టర్ నావైపు జరిపాడు. సంతకం పెట్టాను. ర్యాక్‌లో నిలబెట్టి గొలుసు వేశాడు.

పల్టన్‌లో దసరాకి కోత్ ముందు శస్త్రపూజ చేసేవాళ్లం. ఇప్పుడు అల్వాల్‌లో జమ్మిచెట్టుకి కట్టే చీటీ మీద ఇంటిల్లిపాది పేర్ల కింద 63 అని రాస్తాను. పాండవులు ఆయుధాలు దాచింది ఆ చెట్టు మీదే కదా. మా ఆవిడ కూడా "నంబర్ రాశారా?" అని గుర్తుచేస్తుంది.

ఇక అసలు విషయం. స్విట్జర్లాండ్‌లో సర్వీసు ముగిసిన సైనికుడు పర్మిట్ తీసుకుని తన రైఫిల్ ఇంటికి తెచ్చుకోవచ్చు. అమెరికాలో పాత ఎం1 గరాండ్ రైఫిళ్లను పౌరులకు అమ్ముతారు. మన 1959 ఆయుధాల చట్టం అందుకు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. ఇళ్లలో పిల్లలుంటారు, కోపాలుంటాయి. నేను అడిగేది అది కాదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో నవాబుల కత్తులు, బాకులు అద్దాల్లో భద్రంగా ఉన్నాయి. 1971 యుద్ధంలో సిపాయి చేతిలో ఉన్న రైఫిల్‌కి కూడా మన నగరంలో అలాంటి చోటు కావాలి. పనికిరాకుండా చేసిన ఎస్‌ఎల్‌ఆర్‌లు, త్రీనాట్‌త్రీలు పది ఉన్నా చాలు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైరైన జనవరి 14ని మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. శాలువాలు, ఉపన్యాసాలు ఉంటున్నాయి. ఆ రోజు ఒక బల్ల వేసి, వాటిని మా చేతికివ్వండి. విప్పి, తుడిచి, మళ్లీ బిగించి ఇచ్చేస్తాం. సైనిక సంక్షేమ శాఖ, ఆర్మీ అధికారులు తలుచుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. 1971లో పోరాడినవాళ్లకి ఇప్పుడు 70 దాటాయి, ఆలస్యం చేయొద్దు. మొన్న మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో బీపీ మందుల కోసం కూర్చున్నప్పుడు ఇదే మాట వచ్చింది. ఒక సుబేదార్ గారు లేచి నిలబడి, చేతికర్రతోనే 'బాజూ శస్త్ర్' (రైఫిల్‌ని భుజానికి ఎత్తే డ్రిల్) చేసి చూపించారు. లైన్లో ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు.

నా 63 కొలిమిలో కరిగిపోయి ఉండొచ్చు, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఉండొచ్చు. ఈ ఉత్తరం చదివే కానిస్టేబుల్ ఎవరి దగ్గరైనా బట్‌కి కుడివైపు బొటనవేలంత గంటున్న రైఫిల్ ఉంటే, ఆ చెక్కకి కాస్త అవిసె నూనె పట్టించమని కోరుతున్నాను.

– రిటైర్డ్ హవల్దార్, మద్రాస్ రెజిమెంట్, అల్వాల్, హైదరాబాద్