ఎలుకలకు ఏసీ ఎందుకంటే...

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం ఇదే శీర్షికలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. పరిశోధన సంస్థల్లో ఎలుకలకు ఏసీ గదులు, సర్కారు దవాఖానల్లో రోగులకు తిరగని ఫ్యాన్లు, ఇదేం న్యాయమని ఆయన అడిగారు. ఫ్యాన్ల విషయంలో నాకు పేచీ లేదు. ఎలుకల మీద పెట్టే డబ్బంతా దండగ అన్న దగ్గరే ఆగిపోయాను. నేను ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. అందులో ఆరేళ్లు ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు పనిచేశాను. ఆ ఆరేళ్ల వల్లే ఈ ఉత్తరం.

అక్కడ మా క్లాసులో ఒక గోండు పిల్లవాడు ఉండేవాడు. కాళ్లు నొప్పులని తరచూ వచ్చేవాడు కాదు, చలికాలంలో మరీను. కళ్లు పచ్చబడితే కామెర్లని ఇంట్లోవాళ్లు పసరు మందు పోయించుకొచ్చేవారు. క్లాసు ఎగ్గొట్టడానికి సాకులు చెబుతున్నాడని స్టాఫ్ రూములో అనుకునేవాళ్లం, నాతో సహా. సెకండియర్ మధ్యలో చదువు మానేశాడు. అది సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్త జబ్బని చాలా కాలానికి తెలిసింది. ఆ ఏడాదే బోర్డు మీద కొడవలిలా వంగిన రక్తకణం బొమ్మ గీసి పాఠం చెప్పాను. ముందు బెంచీలో ఉన్నవాడిని మాత్రం చూడలేదు.

ఈ జబ్బుకీ ఎలుకకీ ఉన్న సంబంధం చెప్తాను. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గిపోయి పెద్దవాళ్ల రకం వస్తుంది. సికిల్ లోపం ఉండేది ఈ పెద్దవాళ్ల రకంలోనే, అందుకే ఆ పిల్లలకు కష్టాలు మొదలయ్యేదీ అప్పుడే. ఆ పాత రకాన్ని ఆపేసే పనిలో బీసీఎల్11ఏ అనే జన్యువుది ముఖ్య పాత్ర అని 2008లో బయటపడింది. మరి ఆ జన్యువును తీసేస్తే పాత హిమోగ్లోబిన్ తిరిగొస్తుందా? ఒంటి నిండా తీసేస్తే ఎలుక పిల్ల పుట్టిన కాసేపటికే చచ్చిపోతుంది, ఎందుకంటే ఆ జన్యువుకు మెదడులోనూ రోగనిరోధక కణాల్లోనూ వేరే పనులున్నాయి. చచ్చిన పిల్లను చూసి రక్తం సంగతి ఏం తేలుస్తాం?

ఇక్కడే కండిషనల్ నాకౌట్ ఎలుక, అంటే ఒంట్లో కావలసిన చోట మాత్రమే జన్యువు తీసేసిన ఎలుక, కావాల్సి వచ్చింది. బావి దగ్గర ఒక్క మోటారు ఆపాలంటే మనం సబ్‌స్టేషన్ బంద్ చేయించం, ఆ మోటారు ఫ్యూజు పీకుతాం. ఇదీ అంతే. ఒక ఎలుక జాతిలో ఆ జన్యువుకు అటూ ఇటూ లాక్స్-పీ అనే గుర్తులు పెడతారు. ఒక్కోటి 34 అక్షరాల డీఎన్‌ఏ ముక్క. గుర్తులున్నంత మాత్రాన ఏమీ కాదు, జన్యువు తన పని తాను చేసుకుంటుంది. ఇంకో ఎలుక జాతిలో క్రీ అనే ఎంజైము ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట మాత్రమే పుట్టేలా చేస్తారు. ఇది బ్యాక్టీరియాకు సోకే పీ1 అనే వైరస్ నుంచి తెచ్చింది. ఈ రెండు జాతులనూ కలిపితే, క్రీ ఉన్న కణంలోనే రెండు గుర్తుల నడుమ ముక్క తెగిపోతుంది. మెదడు జోలికి పోదు. జన్యువులు తీసేసిన ఎలుకలను తయారుచేసే దారి వేసినందుకు కాపెక్కీ, ఎవాన్స్, స్మితీస్ అనే ముగ్గురికి 2007లో నోబెల్ ఇచ్చారు.

మనిషి హిమోగ్లోబిన్ జన్యువులు పెట్టి సికిల్ జబ్బు తెప్పించిన ఎలుకల్లో ఇదే పని చేసి, 2011లో ఫలితం ప్రకటించారు. రక్తకణాల్లో మాత్రమే బీసీఎల్11ఏ పోయిన ఆ ఎలుకల్లో జబ్బు లక్షణాలు సర్దుకున్నాయి. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్‌జెవీ చికిత్స కూడా ఆ దారినే నడుస్తుంది. రోగి ఒంట్లో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు తీసి, బీసీఎల్11ఏను ఎర్రకణాల్లో నడిపించే స్విచ్ లాంటి భాగాన్ని మాత్రమే కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు.

ఎలుకల వైపు కష్టం లేదని కాదు. కావలసిన జన్యువుల కలయిక అన్ని పిల్లల్లోనూ రాదు, రానివాటిలో చాలావాటిని చంపేస్తారు. అది నాకూ నచ్చదు. క్రీ ఒక్కోసారి అనుకోని చోట కూడా పనిచేసి ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తుంది, అందుకే గుర్తులు లేకుండా క్రీ మాత్రమే ఉన్న ఎలుకలను పక్కన పెట్టి పోల్చి చూడాలి. ఏసీ కూడా ఆ లెక్కలోదే. మన మే నెల ఎండకు వదిలేస్తే ఎలుకలు సరిగా పిల్లలు పెట్టవు, పెట్టినా వాటి మీద తేల్చింది నమ్మలేం.

నాకున్న కోపం వేరే చోట. కాస్‌జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల పైమాటే. ఇంద్రవెల్లిలో ఎవరు కొంటారు? మన దేశంలోనే ఇలాంటి చికిత్స తయారు చేయాలని ఢిల్లీలో జన్యువుల మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఇలాంటి ఎలుకలను తయారు చేసే వసతి ఉంది. ఆ పద్దుల్లో కోత పెట్టమని పాఠకులే అడిగితే, తర్వాత ఆ 18 కోట్లను తిట్టి లాభం లేదు.

మన చికిత్స వచ్చేదాకా హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది. ఎప్పటినుంచో ఉన్నదే, కడుపులో ఉన్నప్పటి ఆ పాత హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. డాక్టరు చూస్తూ, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తూ ఇవ్వాలి. కేంద్రం 2023 జులై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేసి ఫలితం రాసిన కార్డులిస్తున్నారు. కార్డు ఇచ్చినవాళ్లు దాని అర్థం కూడా చెప్పాలి. భార్యాభర్తలిద్దరూ తమకు జబ్బు లేకపోయినా సికిల్ జన్యువు మోసేవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు ఉంటుందని పెళ్లి మాటలప్పుడే తెలియాలి. మందు ఊరికి దగ్గర్లో దొరకాలి, నెలనెలా ఆదిలాబాద్ పెద్దాసుపత్రి రిమ్స్‌కు బస్సెక్కే పని ఉండకూడదు.

ఏటా పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర మీద మీరు ప్రత్యేక పేజీలు వేస్తారు కదా. ఈసారి అందులో పావు పేజీ దీనికి ఇవ్వండి. పరీక్ష ఎక్కడ చేస్తారు, మందు ఏ దవాఖానలో ఇస్తారు, కార్డు మీద రాసినదాన్ని ఎలా చదువుకోవాలి అన్నవి వేయండి. పక్కనే గోండిలో కూడా వేస్తే ఇంకా మంచిది. రాసిపెట్టేవాళ్లు కావాలంటే ఉట్నూరులో నా పాత విద్యార్థులున్నారు, నేను మాట్లాడతాను.

- ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, హనుమకొండ