మందిరంలో రాజీ కాగితాలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

దెబ్బలు తిన్నవారి చేత క్షమాపణ పేరుతో కేసులు వెనక్కి తీయించే పద్ధతి మా ప్రాంతంలోని కొన్ని క్రైస్తవ సంఘాల్లో పాతుకుపోతోంది. ఇటీవల మా సంఘంలోనే చూశాను. గట్టు తగాదాలో బంధువు కర్రతో కొడితే ఒంటరి మహిళ ఒకామెకు కుడి మణికట్టు విరిగింది. ఆదివారం ఆరాధన ముగియగానే పెద్దలు ఆమెను వరండాలోకి పిలిచారు. రాజీపత్రం ముందే టైపు చేయించి ఉంది. చేతికి ఇంకా కట్టు ఉంది కనుక ఎడమ బొటనవేలి ముద్ర చాలన్నారు. కొట్టినవాడు ఆ దరిదాపుల్లో లేడు. ఆసుపత్రి ఖర్చుల మాట, పోయిన కూలి మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.

క్షమించాలన్న బోధను నేను మనసారా నమ్ముతాను. కానీ అర్పణ తెచ్చినవాణ్ణి బలిపీఠం దగ్గరే ఆపి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడి రమ్మని మత్తయి సువార్త చెబుతోంది. నడిచి వెళ్లవలసింది నొప్పించినవాడు. బైబిలులోని పన్ను వసూలుదారు జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ వాక్యాలు కొట్టినవాడి ఇంటికి వెళ్లి ఎందుకు చదవరు? పేదరాలి ముందే ఎందుకు గుర్తొస్తాయి?

మన పొరుగున ఉన్న ఒడిశాలో 1999 జనవరిలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు కొడుకులనూ వాహనంలోనే సజీవదహనం చేశారు. హంతకులను క్షమించానని భార్య గ్లాడిస్ చెప్పారు. బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. ఆ మాట ఆమె హృదయంలోంచి వచ్చింది, ఏ పెద్దమనిషీ పలికించింది కాదు. కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన దోషికి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆ శిక్ష వల్ల ఆమె క్షమాపణ విలువ రవ్వంతైనా తగ్గిందా?

కొన్ని నేరాల్లో రాజీకి చట్టమే వీలు కల్పిస్తుంది, వాటిలోనూ కొన్నింటికి కోర్టు అనుమతి తప్పనిసరి. రాజీకి వీలులేని నేరాలను లోక్ అదాలత్ కూడా చేపట్టకూడదని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. లోక్ అదాలత్‌కే లేని అధికారం సంఘ పెద్దలకు ఎక్కడిది?

పాస్టరుగార్లకు నా విన్నపం ఒక్కటే. గాయపడినవారు తమంతట తాముగా అడిగే వరకు రాజీ ప్రస్తావన తేవద్దు. అడిగితే ముందుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. ఆదివారం ప్రకటనలతో పాటు 15100 హెల్ప్‌లైన్ నంబరు కూడా చదివి వినిపించండి. శ్రీకాకుళంలోని ఆ సంస్థ అధికారులు కూడా పల్లెల్లోని మందిరాలకు వచ్చి, ఏ కేసులో రాజీ చెల్లుతుందో, దేనిలో చెల్లదో ఆడవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలని కోరుతున్నాను.

— ఒక సంఘ సభ్యురాలు,
టెక్కలి డివిజన్, శ్రీకాకుళం జిల్లా