పెంగ్విన్‌కు అందే దూరంలో చేప ఉందా?

సంపాదకులకు,

ఆఫ్రికా పెంగ్విన్లు ఆకలితో చచ్చిపోతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా దాని పక్కన మంచుగడ్డ ఫొటో ఒకటి పడుతుంది, కింద భూతాపం మీద నాలుగు వాక్యాలుంటాయి. ఈ పెంగ్విన్లు మంచు మొహం ఎరగవు. దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో, ఎండ మాడ్చే రాతి దీవుల మీద పొదల కింద గూళ్లు పెట్టుకునే పక్షులివి. మండేలాను ఖైదు చేసిన రాబెన్ దీవి వాటి ఊళ్లలో ఒకటి. డాసెన్, డయర్ దీవులు, స్టోనీ పాయింట్, అటు తూర్పున అల్గోవా అఖాతంలో సెయింట్ క్రాయ్, బర్డ్ దీవులు మిగతా ముఖ్యమైనవి. గూడు పెట్టే జంటలు మొత్తం మీద 10 వేలకు లోపు పడిపోవడంతో 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వీటిని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలోకి మార్చింది.

2025 చివర్లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, 2004లో డాసెన్, రాబెన్ దీవుల్లో గూడు పెట్టిన పెద్ద పక్షుల్లో దాదాపు 95 శాతం ఆ తరవాతి ఎనిమిదేళ్లలో చచ్చిపోయాయి. సుమారు 62 వేల పక్షులు. చావుకు కారణం ఆకలి అని ఆ పరిశోధకుల నిర్ధారణ. సముద్రంలో చేప అసలే లేక వచ్చిన ఆకలి కాదది. అందే దూరంలో, కావలసిన నెలల్లో లేక వచ్చింది. వార్తల్లో ఈ తేడా కనబడడం లేదు కాబట్టి ఇంత పొడుగు ఉత్తరం.

ముందు తిండి సంగతి. ఆఫ్రికా పెంగ్విన్ బరువు మూడు కిలోలకు అటూ ఇటూ. రోజుకు సుమారు అర కిలో చేప కావాలి. ప్రధానంగా రెండే రకాలు: సార్డీన్, ఆంకోవీ. మన కవళ్లకూ నెత్తళ్లకూ దగ్గరి చుట్టాలు, ఇకపై ఆ పేర్లతోనే పిలుస్తాను. కవళ్లలో కొవ్వెక్కువ, అదే బరువు నెత్తళ్ల కంటే బలం ఎక్కువ ఇస్తాయి. రెండూ గుంపుగా తిరిగేవే, ఆ గుంపు మీదే ఈ పక్షి బతుకంతా ఆధారపడి ఉంది.

పెంగ్విన్ చూపుతో వేటాడుతుంది, అందుకని పగటి వెలుగు కావాలి. మామూలుగా 30 మీటర్ల లోపే మునుగుతుంది, తప్పనిసరైతే 100 మీటర్లు దాటుతుంది. ఊపిరి బిగపట్టి నీళ్లలో ఉండేది నిమిషం, నిమిషంన్నర. చేపల గుంపు కిందికి చేరి, పైకి తరుముతూ వస్తుంది. పైకి తప్పించుకోవడానికి చేపకు నీటిపైభాగం అడ్డు. పట్టిన చేపను నీళ్లలోనే మింగేస్తుంది. నాలుక మీద, అంగిట్లో లోపలికి వంగిన ముళ్లుంటాయి, జారిన చేప బయటికి రాదు. పెంగ్విన్ల వీపుకు చిన్న కెమెరాలు కట్టి చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. గుంపు కట్టిన చేపల మీద పడినప్పుడు, ఒంటరి పక్షి కంటే కలిసి వేటాడే పక్షికి అదే శ్రమకు 2.7 రెట్లు ఎక్కువ చేప దొరికింది. నలుగురైదుగురు చుట్టుముట్టి గుంపును పైకి నెడితే విడిపోయిన చేపను ఏరుకోవడం తేలిక.

కాబట్టి రెండు వైపులా దెబ్బ తగులుతుంది. చేపల గుంపులు చిన్నవైతే ఒక్కో మునకకు దొరికేది తగ్గుతుంది. పెంగ్విన్లు తగ్గితే కలిసి వేటాడేందుకు తోడు తగ్గుతుంది, అప్పుడు ఉన్న చేప కూడా సరిగా చిక్కదు. వేయి జంటల దీవి వంద జంటలకు పడిపోయాక, పాత రోజుల్లోలాగా చేప తిరిగొచ్చినా పక్షులు అంతే వేగంగా కోలుకోవు.

ఇక దూరం. రెండు గుడ్లు పెట్టి దాదాపు 40 రోజులు తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. పిల్ల పుట్టాక మొదటి నెల రోజులు ఒకరు కాపలా, ఒకరు వేట. వేటకు పోయినది తిరిగి వచ్చేదాకా గూట్లో ఉన్నదానికి పస్తే. ఈ కాలంలో పక్షి మామూలుగా దీవికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపే తిరుగుతుంది. గంటకు ఆరేడు కిలోమీటర్లు ఈదుతుందనుకుంటే, 10 కిలోమీటర్లలో గుంపు ఉంటే గంటన్నరలో అందుతుంది. 30 కిలోమీటర్లయితే పోను నాలుగైదు గంటలు, రాను నాలుగైదు గంటలు. వెలుతురంతా ప్రయాణానికే సరి. పైగా పిల్లకు తెచ్చేది కడుపులో పెట్టుకునే తేవాలి, ఆ చేపలోంచే దారి ఖర్చు కూడా తియ్యాలి. దూరం పెరిగిన కొద్దీ పిల్ల నోటికి చేరేది తగ్గుతుంది. రెండు పిల్లల్లో చిన్నది ముందు పోతుంది. ఇంకా ఆలస్యమైతే కాపలా పక్షి ఆకలికి తాళలేక గూడు వదిలి సముద్రానికి దిగుతుంది, ఆ గూట్లో గుడ్డునో పిల్లనో కాకులూ, గల్ అనే సముద్రపక్షులూ ఎత్తుకుపోతాయి.

పెద్ద పక్షిని చంపేది మాత్రం ఎక్కువగా ఈకలు మార్చుకునే కాలం. ఏడాదికోసారి పెంగ్విన్ ఈకలన్నీ ఒక్కసారే రాల్చుకుంటుంది. కొత్త ఈకలు మొలిచేదాకా ఒంట్లోకి చల్లనీరు దిగుతుంది కాబట్టి సముద్రంలోకి పోలేదు. దాదాపు మూడు వారాలు ఒడ్డున నిలబడి పస్తుంటుంది, బరువులో సగం దాకా కోల్పోతుంది. దీనికి ముందు ఐదు వారాల పాటు తెగ తిని కొవ్వు పట్టాలి, తరవాత మళ్లీ కొన్ని వారాలు తిని కోలుకోవాలి. ముందటి వారాల్లో చేప దొరక్కపోతే పక్షి ఒడ్డునే ఎండిపోతుంది. తరవాతి వారాల్లో దొరక్కపోతే నీళ్లలో పోతుంది, శవం కూడా మనకు కనబడదు. 2004–2011 మధ్య జరిగింది ఎక్కువగా ఇదే.

ఇప్పుడు బోట్ల వైపు. అక్కడ ఈ చేపలను పట్టేది రింగు వలతో. విశాఖ, కాకినాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు: ధ్వనితో వెతికే సోనార్‌తో గుంపును కనిపెట్టి, ఒక కొసను చిన్న పడవకు అప్పగించి, బోటు గుంపు చుట్టూ తిరిగి వల వదులుతుంది. అడుగున రింగుల్లోంచి పోయే తాడు లాగితే సంచి మూతిలా కింద మూసుకుంటుంది. గుంపు గుంపే లోపల. తరవాత పంపుతో చేపను తోడేస్తారు. కవళ్లు ఎక్కువగా డబ్బాల్లోకి, కొంత ఎరకు పోతాయి. నెత్తళ్లు దాదాపుగా అన్నీ చేపల పొడికీ నూనెకీ పోతాయి.

ఒక వలకు 50 టన్నులు పడ్డాయనుకుంటే అది లక్ష పెంగ్విన్లకు ఒకరోజు తిండి అని లెక్క కట్టి చూపించేవాళ్లున్నారు. ఆ లెక్క తప్పు కాదు గానీ దానివల్ల తేలేదేమీ లేదు, సముద్రంలో అంతకు ఎన్నో రెట్లు చేప ఉంటుంది. నష్టం వేరేచోట ఉంది. పెంగ్విన్ వెతికేదీ సోనార్ వెతికేదీ ఒకటే: ఒడ్డుకు దగ్గర్లో, పైనీటిలో, దట్టంగా ఉన్న గుంపు. బోటుకు అది దొరక్కపోతే ఇంకో 50 కిలోమీటర్లు పోతుంది, డీజిలు ఖర్చు పెరుగుతుంది. పక్షికి ఆ వీలు లేదు. 2025లో వచ్చిన ఇంకో పరిశోధన రాబెన్, డాసెన్ దీవుల పెంగ్విన్లకు ట్రాకర్లు కట్టి, అవి మేసే చోటే అదే సమయంలో బోట్లు ఉన్నాయా అని చూసింది. చేప పుష్కలంగా ఉన్న ఏడాది సుమారు 4 శాతం పక్షులకే ఆ పోటీ ఎదురైంది. చేప తగ్గిన ఏడాది 20 శాతం పక్షులకు ఎదురైంది. కరువులో పోటీ పెరిగింది. మిగిలిన కొద్ది గుంపుల దగ్గరికే ఇద్దరూ చేరారు.

కోటా నిర్ణయించే పద్ధతిలో ఈ సంగతి కనబడదు. అక్కడి ప్రభుత్వ ఓడ నవంబరులో ఒకసారి, మేలో ఒకసారి తీరమంతా ధ్వని తరంగాలతో సర్వే చేసి పెద్ద చేప ఎంత, ఆ ఏడు పుట్టింది ఎంత అని అంచనా వేస్తుంది. దాన్నిబట్టి దేశం మొత్తానికి టన్నులు తేలుస్తారు. పద్ధతి మంచిదే, మనకు అంత శ్రద్ధగా చేసే సర్వే లేదు. కానీ 1990ల చివరి నుంచి కవళ్లు గుడ్లు పెట్టే చోటు, ఆఫ్రికా దక్షిణపు కొస అయిన అగుల్హాస్ అగ్రానికి తూర్పుగా జరిగింది. ఉష్ణోగ్రత, ఉప్పదనం మారడం ఇందుకు ఒక కారణం, భూతాపం వాటా ఇక్కడ ఉంది. డబ్బాల ఫ్యాక్టరీలు, వాటిని నమ్ముకున్న బోట్లు మాత్రం పడమరనే ఉండిపోయాయి. చేపలో ఎక్కువ భాగం తూర్పున, వేటలో ఎక్కువ భాగం పడమరన. దేశం మొత్తానికి చూస్తే కోటా మితంగానే కనబడింది. అగుల్హాస్‌కు పడమరన మాత్రం 2006లో ఉన్న కవళ్లలో 80 శాతం దాకా పట్టేశారు. డాసెన్, రాబెన్ రెండూ ఉన్నది ఆ పడమటి వైపే.

పిల్ల పక్షుల కష్టం ఇంకొకటి. ఒడ్డు విడిచిన కొత్త పక్షులు చేప ఎక్కడుంటుందో అనుభవంతో ఎరగవు. చల్లని, పచ్చదనం ఎక్కువ ఉన్న నీటిని పట్టుకుని పోతాయి. సూక్ష్మజీవులు మేతగా పోయినప్పుడు వచ్చే డైమిథైల్ సల్ఫైడ్ వాసనను ఇవి పసిగడతాయి కూడా. ఆ గుర్తులు నమీబియా వైపు తీసుకెళ్తాయి. ఒకప్పుడు అక్కడ కవళ్లు ఉండేవి. 1960, 70లలో విపరీతంగా పట్టేశాక అవి కూలిపోయాయి, ఇప్పుడక్కడ జెల్లీ చేపలూ, తింటే బలం తక్కువ ఇచ్చే గోబీ చేపలూ ఉన్నాయి. గుర్తులు పాతవే, తిండి మాత్రం లేదు. 2017లో ఈ పక్షులను ఉపగ్రహంతో వెంబడించిన శాస్త్రవేత్తలు దీన్ని ఉచ్చు అన్నారు. యాభై ఏళ్ల కిందటి వేట ఇప్పటి పిల్లలను చంపుతోందని దీని అర్థం.

మరి దీవి చుట్టూ వేట ఆపితే ఫలితముందా? ఉంది, కానీ మురిసిపోయేంత కాదు. 2008లో దక్షిణాఫ్రికా ఒక అరుదైన ప్రయోగం మొదలుపెట్టి 2020 దాకా నడిపింది. దీవుల చుట్టూ సుమారు 20 కిలోమీటర్ల మేర కొన్నేళ్లు మూసి, కొన్నేళ్లు తెరిచి పోల్చి చూశారు. సెయింట్ క్రాయ్ దగ్గర మూసిన మూడు నెలల్లోనే పక్షుల వేట శ్రమ 25–30 శాతం తగ్గింది. మొత్తం ప్రయోగం మీద తేలిందేమంటే, మూసివేత వల్ల సంఖ్య పెరుగుదలకు ఏడాదికి సుమారు 1 శాతం మేలు. ఏటా 8 శాతం దగ్గర తగ్గుతున్న పక్షికి ఒక్క శాతం చాలదని చేపల పరిశ్రమ అంది. అది నిజమే. అయితే ఎవరి చేతిలోనైనా వెంటనే మార్చగలిగింది ఆ ఒక్క శాతమే. నీటి వేడిని ఫర్మానాతో తగ్గించలేం.

ఆ తరవాత తాత్కాలికంగా గీసిన హద్దులు కొన్ని దీవుల దగ్గర పక్షులు ఎక్కువగా మేసే చోటును బోట్లకే వదిలేశాయి. మ్యాపు మీద నిషేధిత ప్రాంతం ఉంది, పెంగ్విన్ దారి దాని పక్కనుంచి పోతోంది. బర్డ్‌లైఫ్ సౌతాఫ్రికా, శాన్‌కాబ్ అనే పక్షి సంరక్షణ సంస్థలు కోర్టుకెక్కాయి. 2025 మార్చి 18న ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వుతో పరిశ్రమా ప్రభుత్వమూ పక్షి సంరక్షకులూ ఒప్పుకున్న కొత్త హద్దులు ఆరు స్థావరాల చుట్టూ అమల్లోకి వచ్చాయి. వేట ఒక్కటే దోషి అని నేననడం లేదు. ఒకప్పుడు అన్నిటికన్నా పెద్దదైన సెయింట్ క్రాయ్ స్థావరం, అల్గోవా అఖాతంలో 2016లో ఓడ నుంచి ఓడకు ఇంధనం నింపడం మొదలయ్యాక కుప్పకూలింది, అక్కడ ఓడల రొద మీద పెద్ద అనుమానం. 2000లో ట్రెజర్ ఓడ మునిగి చమురు పారితే చమురంటిన దాదాపు 19 వేల పక్షులను పట్టి, ఒక్కొక్కటిగా కడిగి ఎక్కువ భాగాన్ని బతికించారు, అంతకంటే కాస్త ఎక్కువ పక్షులను శుభ్రమైన నీటికి తరలించారు. ఆ చమురు పారిన డాసెన్, రాబెన్ దీవుల్లోనే నాలుగేళ్ల తరవాత ఆకలి మొదలైంది. చమురును చేత్తో కడగొచ్చు.

మనకేమిటి అంటారేమో. ఈ వాదన మన తీరానికి కొత్తది కాదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా మరబోట్లు రాకూడదన్న మన నిబంధన ఏ లెక్కన పుట్టింది? తెప్ప ఎంత దూరం పోగలదో ఆ లెక్కన. జాలరిపేటల్లో రింగు వలల మీద గొడవలు జరిగేదీ ఆ గీత దగ్గరే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం కాలానికి గీసిన గీత. మొత్తం దిగుబడి అంకె ఎంతున్నా, దూరం పోలేనివాడికి దగ్గరి నీళ్లే ముఖ్యమని మన చట్టం ఒప్పుకుంది. ఇంకో ముడి కూడా ఉంది. భీమవరం, నెల్లూరు రొయ్యల మేతలో చేపల పొడి ఉంటుంది. ఆ పొడి కేప్‌టౌన్ నుంచి వస్తుందనడం లేదు, మన పడమటి తీరపు నూనె కవళ్లూ ఇదే దారిన పోతాయి.

అసలైన ముడి అంటార్కిటికాలో ఉంది. అక్కడి పెంగ్విన్లు, ముఖ్యంగా చిన్‌స్ట్రాప్ రకం, రొయ్యలాంటి చిన్న జీవి క్రిల్ మీద బతుకుతాయి. క్రిల్ వేటకు హద్దులు పెట్టే అంతర్జాతీయ సంఘం (సీసీఏఎంఎల్‌ఆర్)లో మన దేశం సభ్యురాలు, ఏ నిర్ణయానికైనా సభ్యులందరూ ఒప్పుకోవాలి. అట్లాంటిక్ వైపు ప్రాంతానికి 6,20,000 టన్నుల పరిమితి ఉంది. దాన్ని నాలుగు భాగాలుగా పంచి, అంటార్కిటిక్ ద్వీపకల్పం పక్కన 1,55,000 మించకూడదన్న నియమం 2024లో గడువు తీరి, ఏకాభిప్రాయం లేక పోయింది. 2025లో ఆ 6,20,000 ఆగస్టు మొదట్లోనే నిండిపోయి వేట ముందే మూసేశారు. మొత్తం పరిమితి అంకె మారలేదు. ఎక్కడ పట్టారన్నదే మారింది.

2021లో మన ప్రభుత్వం తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్రాల్లో రక్షిత ప్రాంతాల ప్రతిపాదనకు మద్దతిచ్చింది. ఆ సంఘం ఏటా అక్టోబరులో ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో కూర్చుంటుంది. ఈసారి ఆ వార్త వేసేటప్పుడు క్రిల్ మొత్తం ఎన్ని టన్నులు పట్టారన్నదానితో పాటు, ద్వీపకల్పం పక్కన ఎన్ని, ఏ నెలల్లో, ఆ పంపకం నియమం మీద మన ప్రతినిధులు ఏమన్నారు అన్నది కూడా అడిగి వేయగలరని కోరుతున్నాను.

— మత్స్యశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం