ఆ నీళ్ళు నేను పోసినవి కావు

తిరుపతి,
నవంబరు 11.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ కంప్యూటర్ చిల్లర్ వల్ల నా మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు పాడవడం, మీ సర్వీస్ రిపోర్టు మీద నా అభ్యంతరం.

అయ్యా,

కంప్యూటర్‌లోకి పైపుల ద్వారా చల్లటి నీళ్ళు పంపే మీ చిల్లర్ చల్లబరచలేదని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. బాగానే చల్లబరిచింది. ఎంత చల్లబడితే దానికి చెమట పడుతుందో మీరు చెప్పలేదని రాస్తున్నాను. నవంబరు 3న మీ సర్వీస్ సెంటర్ వాళ్ళు ఇచ్చిన రిపోర్టులో "యూనిట్‌లో లీక్ లేదు, కస్టమర్ వైపు నుంచి లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదు" అని ఉంది. లీక్ లేదన్న మాట నిజమే. నీళ్ళు నేనే ఒలకబోశానన్నట్టు రాసింది మాత్రం ఒప్పుకోను.

నేను కొర్లగుంటలో ఇంట్లోనే ఉండి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. పనిగది మిద్దె మీద ఉంది, దాని నెత్తిన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. ఎండాకాలంలో అలాంటి గది ఎట్లుంటుందో తిరుపతి వాళ్ళకి చెప్పక్కర్లేదు. మీ ఆఫీసు వేరే ఊళ్ళో ఉంది కాబట్టి చెబుతున్నాను: రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా గోడ మీద చెయ్యి ఆనించలేం. తిరుచానూరులో జరిగిన ఒక పెళ్ళి ఫుటేజీ రెండర్ పెడితే (అంటే ముక్కలన్నీ కలిపి పూర్తి వీడియోగా తయారు చేయిస్తే) ప్రాసెసర్ 95 డిగ్రీలకి పోయి, వేడి తట్టుకోలేక తన వేగం తానే తగ్గించుకునేది. రెండు గంటల పని నాలుగు గంటలు సాగేది.

పాత ఫ్రిజ్ ఖాళీగా ఉంది కదా, సీపీయూని అందులో పెట్టేద్దామని మా తమ్ముడు అన్నాడు. మా వీధిలో ఫ్రిజ్ మెకానిక్ అన్న అది విని నవ్వాడు. "ఫ్రిజ్‌లో పాలు, కూరగాయలు పెడతారు. అవి చల్లబడినాక కంప్రెసర్ ఆగి కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది. నీ కంప్యూటర్ చల్లబడి ఊరుకునేది కాదు కదప్పా, లోపల పొయ్యి వెలిగించి తలుపేసినట్టే" అన్నాడు. గంటల తరబడి 300 వాట్ల వేడిని లాగే పని ఇంటి ఫ్రిజ్‌ది కాదు. కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి వేడెక్కి ట్రిప్ అవుతుంది. అందుకే ఆ ఆలోచన మానుకుని, ఈ పనికే తయారు చేశామని ప్రకటించిన మీ యూనిట్‌ని 31,500 రూపాయలు పెట్టి కొన్నాను.

మే 24న మీ టెక్నీషియన్ వచ్చి బిగించాడు. ప్రాసెసర్ మీద ఒక వాటర్ బ్లాకు (చల్లటి నీళ్ళు పారే లోహపు దిమ్మె), గ్రాఫిక్స్ కార్డు మీద ఒకటి పెట్టి, పైపులకి నల్ల ఫోమ్ తొడిగాడు. డిస్‌ప్లేలో 8 డిగ్రీలు సెట్ చేసి "ఇంక దీని జోలికి పోవద్దు సార్" అన్నాడు. పోలేదు. మీ డబ్బా మీద కూడా పెద్ద అక్షరాల్లో ఉన్నది ఆ 8 డిగ్రీలే. ఆ మధ్యాహ్నం రెండర్ పెట్టి చూపిస్తే నీళ్ళు 18 డిగ్రీల దగ్గర నిలిచాయి, ప్రాసెసర్ 55 దాటలేదు. సంతోషంగా అతనికి మజ్జిగిచ్చి పంపించాను.

(చిల్లర్ లాగిన వేడి ఎక్కడికీ పోదు. కంప్రెసర్ వేడిని కూడా కలుపుకుని వెనక నుంచి మళ్ళీ గదిలోకే వస్తుంది. కంప్యూటర్ చల్లగా ఉండేది, నేను ఉడికేవాణ్ణి. ముందే చెప్పి ఉంటే కిటికీ అవతల పెట్టించుకునేవాణ్ణి. దాని మీద ఫిర్యాదు లేదు, మాటవరసకి రాశాను.)

ఆగస్టు 9న ఫోమ్ చివర్లలో తడి కనిపిస్తే ఫోటో తీసి మీ చాట్‌కి పంపాను. "ఇది నార్మల్ సార్, పొడిగుడ్డతో తుడవండి" అని జవాబు వచ్చింది. తుడిచాను. ఆ స్క్రీన్‌షాట్ కూడా జత చేస్తున్నాను.

అక్టోబరు 26 రాత్రి. రెండు రోజులుగా వాన. ఒంటిగంటన్నరకి రెండర్ అయిపోయింది. మామూలుగా పనవ్వగానే సిస్టమ్ ఆపేస్తాను, ఆ రోజు పొద్దున్నే వీడియో ఒకసారి చూసి పంపాలని ఆన్‌లోనే వదిలి కిందికొచ్చి పడుకున్నాను. ఆరింటికి వెళ్ళి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది, గదంతా కాలిన వాసన. పక్క మూత తీశాను. వాటర్ బ్లాకు చుట్టూ ముత్యాల్లా నీటి బొట్లు. అవి కారి గ్రాఫిక్స్ కార్డు మీద పడ్డాయి. మదర్‌బోర్డు వెనకవైపు, సరిగ్గా ప్రాసెసర్ సాకెట్ ఉన్న చోట కూడా తడి. హార్డ్ డిస్కుకి ఏమీ కాలేదు, వెంకన్న దయ.

మీ రిపోర్టు రాసినాయన ఒక సంగతి గమనించలేదు. మీరు యూనిట్‌లో నింపిన కూలెంట్, అంటే పైపుల్లో తిరిగే నీళ్ళు, నీలం రంగువి. బోర్డు మీది నీళ్ళకి ఏ రంగూ లేదు. టిష్యూ పేపరుతో అద్ది చూశాను, మరక కూడా పడలేదు. ఆ నీళ్ళు యూనిట్‌లోంచి రాలేదు, నేనూ పోయలేదు. మరి ఎక్కడివి? నేను తల పట్టుకుని కూర్చుంటే మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పట్టదా నాయనా?"

ఆ పొద్దున నా గదిలో మీటరు 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ చూపించింది. అలాంటి గాలిలో 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా ఆవిరి నీరై పేరుకుంటుంది. ఆ 25 డిగ్రీల హద్దునే డ్యూ పాయింట్ అంటారు, ఏసీ, ఫ్రిజ్‌ల పని చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మీ నీళ్ళు దానికి 17 డిగ్రీలు కింద ఉన్నాయి. రెండర్ నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్ వేడి ఆ చలికి కొంత అడ్డుపడుతుంది. పని ఆగగానే ఆ వేడి ఆగింది, చిల్లర్ మాత్రం ఆగలేదు. 8కి దింపేదాకా లాగింది, దిగాక అక్కడే పట్టి ఉంచింది, నాలుగున్నర గంటల సేపు. మే నెలలో మీ మనిషి చూపించిన రోజు అదే మీటరులో 41 డిగ్రీలు, తేమ 25 శాతం. ఆ లెక్కన డ్యూ పాయింట్ 17 దగ్గర, నీళ్ళు 18. ఒక్క డిగ్రీ తేడాతో ఆ రోజు పొడిగా గడిచిపోయింది. దాన్ని చూసి నేను నమ్మాను.

నిజానికి 27 దగ్గర సెట్ చేసి ఉంటే నాకు ధారాళంగా సరిపోయేది. ప్రాసెసర్ ఇంకో పది డిగ్రీలు పెరిగి 65 దగ్గర ఉండేది, దాని వల్ల నష్టమేమీ లేదు. లేదూ 8 డిగ్రీలే అమ్ముతామంటే, సాకెట్ చుట్టూ, బోర్డు వెనకా గాలి తగలకుండా ఫోమ్ నింపాలి, తడి అంటకుండా పూత పూయాలి. మీ కిట్‌లో పైపులకి తప్ప దేనికీ ఫోమ్ లేదు. మీ పుస్తకం 12 పేజీలూ చదివాను. పిల్లలకి దూరంగా ఉంచమని రెండు చోట్ల ఉంది. తేమ గురించి ఒక్క ముక్క లేదు.

నేను డబ్బు సంపాదించే పనికి వాడాను కాబట్టి వినియోగదారుణ్ణే కానని ఫోనులో మీ ప్రతినిధి అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సొంతంగా పని చేసుకుని బతకడానికే కొని వాడుకునే మనిషి కూడా వినియోగదారుడే. సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యత వహించాలని అదే చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. దయచేసి మీ లీగల్ వాళ్ళకి చూపించండి.

నేను అడిగేది ఇది. చిల్లర్‌ని వెనక్కి తీసుకుని 31,500 ఇవ్వాలి. మదర్‌బోర్డుకి 13,800, గ్రాఫిక్స్ కార్డుకి 29,000, కార్తీక మాసం పెళ్ళిళ్ళ పని ఆగకుండా అద్దెకి తెచ్చుకున్న సిస్టమ్‌కి 4,500. మొత్తం 78,800 రూపాయలు. సర్వీస్ రిపోర్టులో "కస్టమర్ వైపు నుంచి" అన్న మాట తీసేసి కొత్త కాపీ ఇవ్వాలి. డబ్బు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, తర్వాత తిరుపతిలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు.

బోర్డు, కార్డు, టిష్యూ పేపర్లు అన్నీ కవర్లో పెట్టి ఉంచాను. మీ వాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. పొద్దున పది దాటాక రమ్మనండి, రాత్రుళ్ళు పని చేస్తాను కాబట్టి అంతకు ముందు లేవను.

ఇట్లు,
మీ కస్టమర్,
కొర్లగుంట, తిరుపతి.

జత: బిల్లు, సర్వీస్ రిపోర్టు, ఆగస్టు 9 నాటి చాట్ స్క్రీన్‌షాట్, అక్టోబరు 27 పొద్దున తీసిన ఫోటోలు, అద్దె రసీదు.