కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకముందే జీలుగ ఇప్పించండి

నల్లగొండ జిల్లా వ్యవసాయ అధికారి గారికి నమస్కారం.

సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు ముగిశాయంటే మిర్యాలగూడ చుట్టుపక్కల పొలాలన్నీ పొగే. కోత మిషను పొడవాటి కొయ్యకాళ్లు, అంటే వరి మోళ్లు, వదిలి వెళ్తుంది. వానాకాలం నాట్లు ముంచుకొస్తాయి. రైతు అగ్గిపుల్ల గీస్తాడు.

మంట ఆరిన మడిలో ఒకసారి పార వేయించి చూడండి. పైన బూడిద, కింద మాడిన మట్టి, వానపాము జాడే ఉండదు. టన్ను గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని ఉంటుంది. కాలిస్తే దాదాపు అంతా గాలిపాలు. ఆపైన యూరియా కోసం తెల్లవారకముందే చెప్పులు వరుసలో పెట్టేదీ మేమే!

గడ్డి కాలిస్తే కేసులు పెడతామన్న ఫ్లెక్సీలు ఇక చాలు. పచ్చిరొట్ట ఎరువుగా పెంచి మట్టిలో కలిపే జీలుగ విత్తనాలు మే మొదట్లోనే ఇప్పించండి. పూత దశలో కలియదున్నడానికి నెలన్నర కావాలి, జూన్ చివర ఇస్తే ఏం లాభం? నీళ్లు పెట్టి దమ్ము చేసేటప్పుడు సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లితే కొయ్యకాళ్లు త్వరగా కుళ్లుతాయన్న సంగతి కోతలకు ముందే రైతు వేదికల్లో చెప్పించండి. గడ్డి కట్టలు కట్టే యంత్రాలు చిన్న రైతుకు అందే అద్దెకు దొరకాలి. ముందుగా ఈ మూడింటిలో జీలుగ సంగతి తేల్చండి.

ఇట్లు,
వేములపల్లి మండల వరి రైతు