చక్రాల కుర్చీ ఫిర్యాదును సామాను ఫిర్యాదుగా నమోదు చేయడంపై అభ్యంతరం

అనంతపురం

విమాన సంస్థ వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

విషయం: మా చెల్లెలి ఫిర్యాదును వైకల్య సంబంధిత ఫిర్యాదుగా నమోదు చేసి, వార్షిక నివేదికలో చేర్చవలసిందిగా వినతి.

అయ్యా,

గత నెల బెంగళూరులో మీ విమానం ఎక్కి, దారిలో మరో విమానం మారి, అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఇంటికి వెళ్లిన మా చెల్లెలి తరఫున ఈ లేఖ రాస్తున్నాను. పోలియో వల్ల చిన్నప్పటి నుంచీ ఆమె రెండు కాళ్లూ పనిచేయవు. తన కొలతలకు తగ్గట్టు చేయించుకున్న చక్రాల కుర్చీని దిగగానే విమానం తలుపు దగ్గరికి తెచ్చి ఇవ్వాలని టికెట్ తీసుకున్నప్పుడే కోరింది, బెంగళూరు కౌంటరులో మళ్లీ గుర్తు చేసింది. అయినా అమెరికాలో దిగాక కుర్చీ రాలేదు. విమానాశ్రయం వారు ఇచ్చిన కుర్చీని ఎవరో ఒకరు తోయాలి తప్ప తనంతట తాను కదిలించుకోలేదు కనుక, మరుగుదొడ్డికి వెళ్లడానికి కూడా ముక్కూ మొహం తెలియనివారిని అడగవలసి వచ్చింది. చివరికి సామానుతో పాటు వచ్చిన కుర్చీకి ముందు చక్రం వంగిపోయి, పాదాలు పెట్టుకునే పలక ఊడిపోయి, ఒక వైపు బ్రేకు పట్టడం లేదు. విమానంలోని సిబ్బంది తనను ఎంతో ఆదరంగా చూసుకున్నారని ఆమె చెప్పింది. మా అభ్యంతరం వారి మీద కాదు.

వైకల్యం ఉన్న ప్రయాణికుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారితో మాట్లాడించమని ఆమె అక్కడే అడిగితే, సామాను నష్టం ఫారం చేతికిచ్చి పంపేశారు. అమెరికాకు వచ్చిపోయే విమానాల విషయంలో ఆ అధికారి స్వయంగానో, ఫోన్‌లోనో అందుబాటులో ఉండాలని అక్కడి రవాణా శాఖ నియమావళి 382వ భాగం చెబుతోంది. తర్వాత మేము రాసిన ఈమెయిల్‌కు కూడా మీ విభాగం దెబ్బతిన్న సామానుకు కొంత సొమ్ము ఇస్తామని జవాబిచ్చి ఫిర్యాదును మూసివేసింది.

ఆ సొమ్ము చాలా, చాలదా అన్నది వేరే మాట. కుర్చీని ఏ స్థితిలో తీసుకున్నారో అదే స్థితిలో తిరిగి ఇవ్వవలసిన బాధ్యత మీది కనుక మరమ్మతు ఖర్చు అంతా మీరే భరించాలి. అనంతపురంలో వెల్డింగ్ చేసేవారున్నారు గానీ ఇలాంటి కుర్చీని సరిచేసేవారు లేరు. ఆమె తిరిగి వచ్చాక బెంగళూరుకే తీసుకెళ్లాలి. అయితే ఈ లేఖకు అసలు కారణం మీ లెక్కల్లో మా ఫిర్యాదు చేరిన చోటు.

వైకల్యం ఉన్న వ్యక్తి నుంచి గానీ, ఆ వ్యక్తి తరఫున గానీ, ఆ వైకల్యంతో ముడిపడిన ఇబ్బంది గురించి రాతపూర్వకంగా అందిన ప్రతి అసంతృప్తినీ వైకల్య సంబంధిత ఫిర్యాదుగానే లెక్కించాలని అదే నియమావళి 382.157వ నిబంధన నిర్వచిస్తోంది. సహాయక పరికరం దెబ్బతినడానికీ, అది ఆలస్యం కావడానికీ అందులో విడివిడి వర్గాలున్నాయి. 60 సీట్లకు మించిన విమానాలు నడిపే విదేశీ సంస్థలు కూడా, అమెరికాలో బయలుదేరే లేదా దిగే విమానాల వరకు, ఏడాది ఫిర్యాదులను మరుసటి జనవరి చివరి సోమవారం నాటికి ఆ రవాణా శాఖకు నివేదించాలి. మూడేళ్లపాటు ఆ పత్రాలు భద్రపరచాలి.

ఫిర్యాదులు నేరుగా ప్రభుత్వానికి అందినవే కాక సంస్థల దగ్గర ఆగిపోయినవి కూడా వెలుగులోకి రావాలని ఏర్పడిన పద్ధతి ఇది. కుర్చీని సూట్‌కేసుల లెక్కలో కలిపితే మీ నివేదిక శుభ్రంగా కనబడుతుంది, కుర్చీలను దించే పద్ధతి మాత్రం మారదు. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు మా జిల్లాలో ఎందరో ఉన్నారు. మోకాళ్లు పట్టేసినవారు, పక్షవాతం వచ్చినవారు వారిలో ఉన్నారు. రేపు మీ విమానం ఎక్కేది వారే.

కనుక మూసివేసిన ఫిర్యాదును తెరిచి, ఆ రెండు వర్గాల కిందా నమోదు చేసి, ఈ ఏడాది నివేదికలో చేర్చుతున్నట్లు రాతపూర్వకంగా తెలియజేయండి. నియమం ఉల్లంఘించారో లేదో స్పష్టంగా ఒప్పుకుంటూ గానీ, కారణాలతో కాదంటూ గానీ 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. అది రాకపోతే ఈ లేఖనూ, కుర్చీ ఫొటోలనూ, మీ పాత జవాబునూ అమెరికా రవాణా శాఖకు పంపుతాము.

ఇట్లు,
ప్రయాణికురాలి తరఫున, ఆమె అక్క