విషయం: సర్టిఫికెట్ గడువు అలర్ట్ గురించి నాలుగోసారి రాస్తున్న ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఇది చదివేది మనిషే అయితే ముందుగా సంతోషం. ఇంతకుముందు రాసిన మూడు మెయిళ్లకూ రెండు నిమిషాల్లోపే జవాబు వచ్చింది. మూడూ ఒకటే జవాబు, అక్షరం కూడా మారలేదు.

మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాల షాపు. వరంగల్ దర్రీలకు (జంపఖానాలకే ఇంకో పేరు) జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకన్న ముద్ర, వచ్చిన 2018లోనే మా షాపు సైట్ కోసం మీ దగ్గర డొమైన్, హోస్టింగ్, కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపించే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ అన్నీ కలిపి తీసుకున్నాను. ఒక్క ఏడాది కూడా డబ్బు ఆలస్యం చేయలేదు. మా వీధిలో ఇంకో రెండు షాపులను మీ దగ్గరికి తెచ్చింది కూడా నేనే. వాళ్లు ఇప్పుడు నన్ను అడుగుతున్నారు, అది వేరే సంగతి.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే బెంగళూరు నుంచి పాత కస్టమర్ ఫోన్. "అన్నా, మీ సైట్ తెరిస్తే కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు, మీ వివరాలు దొంగిలించొచ్చు అని వస్తోంది, ఏంది?" రాత్రే సర్టిఫికెట్ గడువు అయిపోయిందట. సైట్ తెరిచిన ప్రతివాడికీ తెలిసింది, సైట్ ఓనర్‌కు తప్ప. ఆటో రెన్యూవల్ డబ్బులు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ చూసుకుని నేను నిశ్చింతగా ఉన్నాను.

మీ చాట్‌లో మొదట దొరికిన అబ్బాయి బ్రౌజర్ క్యాష్, అంటే అది దాచుకున్న పాత పేజీలు, క్లియర్ చేయమన్నాడు. చేశాను. బెంగళూరాయన ఫోన్‌లో క్యాష్ కూడా నేనే వెళ్లి క్లియర్ చేయాలా అని అడిగితే చాట్ మూసేశాడు. తర్వాత నలభై నిమిషాలు "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" విన్నాక ఒకమ్మాయి ఎత్తి, ఫోన్‌లో తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోమంది. ఉందమ్మా, ఇంటి ముందు బతుకమ్మ పేరుస్తున్నారు, ఈ రోజు ఏ రోజో నాకు బాగానే తెలుసు అన్నాను. మూడో ఆయన సీనియర్ అట. "మా స్క్రీన్ మీద యాక్టివ్ అని పచ్చగా ఉంది సార్, మీ సైడే ప్రాబ్లం."

మా మేనల్లుడు డిగ్రీ రెండో ఏడాది. బ్రౌజర్‌లో సర్టిఫికెట్ వివరాలు తెరిచి పాత తేదీ చూపించాడు. కొత్త సర్టిఫికెట్ జారీ అయింది, దాన్ని సర్వర్‌లో ఎక్కించలేదు. మీ స్క్రీన్ మీద పచ్చగా ఉన్నది నా ఆర్డర్, నా సైట్ కాదు. వాడు పది నిమిషాల్లో పట్టుకున్న సంగతి మీ చేత ఒప్పించేసరికి సాయంత్రం అయింది. మగ్గం మీద పోగు తెగితే మేము ఆపి ముడేస్తాం. తెగలేదని వాదించం.

ఆ సాయంత్రమే టికెట్ మూసేసి, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని మెసేజ్ పంపారు.

అసలు నా కోపం ఆ రోజు గురించి కూడా కాదు. గడువు అలర్ట్‌లు సైట్ కట్టిన అబ్బాయి పాత మెయిల్‌కు పోతున్నాయి, నాకు వచ్చేలా మార్చండి అని జూలైలోనే అడిగాను. బిల్లింగ్ కాంటాక్ట్ వేరు, టెక్నికల్ కాంటాక్ట్ వేరు అన్నారు. సరే, టెక్నికల్ మార్చండి అన్నాను. మార్చాలంటే ఓటీపీ కావాలన్నారు. ఆ ఓటీపీ ఎక్కడికి పోయింది? ఏ మెయిల్ తీసేయమంటున్నానో దానికే. ఇదే మాట మీవాళ్లలో నలుగురికి చెప్పాను. నలుగురూ "అర్థమైంది సార్" అన్నారు.

వాళ్లలో ఒకాయన సలహా కూడా ఇచ్చాడు: "ఏడాదికోసారే కదా సార్, క్యాలెండర్‌లో రాసుకోండి." ఈ వ్యాపారం మీదా, నాదా? 2026 మార్చి 15 నుంచి ఇచ్చే సర్టిఫికెట్ 200 రోజులకు మించి ఉండకూడదని, 2027లో అదే తేదీ నుంచి 100 రోజులని, 2029 నుంచి 47 రోజులేనని బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లోనే తేల్చేశాయి. ఇక నెలన్నరకోసారి నేను గోడ క్యాలెండర్‌లో ఏకాదశి పక్కన మీ సర్టిఫికెట్ కూడా చూసుకోవాలన్నమాట.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఇంకో సర్టిఫికెట్ సంస్థ ఉంది, వాళ్ల సర్టిఫికెట్ ఉచితం, దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవచ్చు అంటున్నాడు మా వాడు. వాళ్లు కూడా 2025 జూన్‌లో గడువు మెయిళ్లు ఆపేశారట. కాకపోతే ఆపేస్తున్నామని నెలల ముందే చెప్పి ఆపారు. డబ్బు తీసుకునే మీరు అడిగినా నాకు రానివ్వలేదు.

పది రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. మీరే వరంగల్ దాకా రావాలి. మా వీధి షాపులు మూడూ కలిసే మీ దగ్గర నుంచి వెళ్లిపోతాయి.

గడువుకు 30 రోజుల ముందు, 7 రోజుల ముందు, ముందురోజు ఒక్కొక్క మెసేజ్ నా ఫోన్‌కు రావాలి. సర్వర్‌లో నిజంగా ఏ సర్టిఫికెట్ ఉందో చూసి పంపాలి, ఆర్డర్ చూసి కాదు. నా నంబరు మళ్లీ ఇవ్వమని అడగకండి. దసరా ఆఫర్, దీపావళి ఆఫర్, పుట్టినరోజు శుభాకాంక్షలు అన్నీ ఆ నంబరుకే పంపుతున్నారు.

ఇట్లు,
ఇప్పటికైతే మీ కస్టమర్,
కొత్తవాడ, వరంగల్